బోరు ఎన్ని అడుగులు వేయించాలి? గంట్యాడ దగ్గర 14 కుటుంబాల ఊరికి నీళ్ల ఏర్పాటు

గోస్తని గట్టు (గంట్యాడ)

సభ్యులందరికీ నమస్కారం. ఉద్యోగాల నుంచి విరమించినవాళ్లం, విరమించబోతున్నవాళ్లం, సొంత ఊరికి తిరిగి రావాలనుకునే పిల్లలు, అందరం కలిపి 14 కుటుంబాలవాళ్లం విజయనగరం జిల్లా గంట్యాడ మండలంలో 11 ఎకరాల మెట్ట భూమి కొన్నాం. ఇళ్లు కట్టుకుని, కూరగాయలూ తిండిగింజలూ వీలైనంత మేరకు మేమే పండించుకుని, రసాయనాలు లేకుండా బతకాలన్నది ఆలోచన. అందరూ వచ్చి చేరితే 50 మంది అవుతాం.

నేల ఎర్ర గరువు, అంటే ఎర్రమట్టి మెట్ట. పడమటి అంచు కొండ వారన ఉంది, అక్కడి నుంచి తూర్పుకి వాలుగా దిగుతుంది. మధ్యలో రాతి కట్టుడు పాత నేలబావి ఒకటి ఉంది. దాని అడ్డకొలత 20 అడుగులు, లోతు 35 అడుగులు. పదేళ్లుగా ఎవరూ పూడిక తీయలేదు, మే నెలలో చూస్తే మోకాలి లోతు నీళ్లున్నాయి. ఈశాన్యం మూలన వానాకాలంలో మాత్రమే పారే చిన్న గెడ్డ ఒకటి మా హద్దు దాటి దిగువకు వెళ్తుంది. తాటిపూడి జలాశయం మాకు కూతవేటు దూరంలోనే ఉంది గానీ అందులోని నీళ్లు విశాఖపట్నానికీ, ఆయకట్టుకూ తప్ప మా గరువుకి ఎక్కవు.

బోరు బండి తాలూకు మనిషి వచ్చి 600 అడుగుల బోర్లు రెండు వేస్తే బెంగ ఉండదన్నాడు. పక్క పొలం రైతు మాత్రం 250 దాటితే డబ్బులు నేల పాలేనన్నారు. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నీళ్ల జాడ చూసినాయన ఇంకో చోటు చూపించారు. ఎన్ని అడుగులు, ఎక్కడ వేయించాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరని అడుగుతున్నాను.

నీలిమోటారు (చీపురుపల్లి)

ముప్పై ఏళ్లుగా మోటార్లు దింపుతూ, తీస్తూ ఉన్నవాడిని కాబట్టి సూటిగా చెబుతాను. మన వైపు పైన ఎర్రమట్టి, దాని కింద శిథిలమై మెత్తబడిన రాయి, ఆ కింద గట్టి కొండరాయి ఉంటాయి. నీళ్లుండేది మెత్తబడిన పొరలోనూ, గట్టిరాతి నెర్రెల్లోనూ మాత్రమే. నెర్రె తగిలితే 150 అడుగులకే రెండంగుళాల నీళ్లు పడతాయి, తగలకపోతే 600 వేసినా దుమ్మే వస్తుంది. అందుచేత అడుగులు ముందే నిర్ణయించుకోవడంలో అర్థం లేదు. భూమిలోకి కరెంటు పంపి రాతి నిరోధాన్ని కొలిచే భూగర్భ సర్వే చేయించి, అది చూపిన చోట వేయించండి. కేసింగు పైపు గట్టిరాయి తగిలేదాకా దించాలి, అక్కడ పొదుపు చేస్తే బోరు కూలిపోతుంది.

ఇంకొక మాట. కార్తీకంలో వేయించిన బోరులోంచి నీళ్లు ఎగజిమ్మితే సంబరపడి కొబ్బరికాయ కొట్టేయకండి. బోరు సంగతి తేలేది మే నెలలో ఎనిమిది గంటలు ఆపకుండా మోటారు ఆడించినప్పుడే. ఒకటి పోతే ఒకటి ఉండేలా రెండు బోర్లు ఉండడం మంచిదే.

విశ్రాంత ఏఈ (బొబ్బిలి)

గోస్తని గట్టు గారూ, మీ ప్రశ్న రెండో ప్రశ్న. మీకు ఎన్ని నీళ్లు కావాలి, ఎన్ని నీళ్లు మీ నేల మీద పడుతున్నాయి అన్న మొదటి ప్రశ్నకు జవాబు రాసుకోకుండా రెండోదానికి వెళ్లడం, ఇంట్లో ఎంతమంది ఉన్నారో చూడకుండా ఎసరు పెట్టడం లాంటిది. చేత కాగితం పట్టుకుని నాతోపాటు లెక్క వేయండి.

పల్లెలకు జల్ జీవన్ మిషన్ (ఇంటింటికీ కుళాయి నీరిచ్చే కేంద్ర పథకం) పెట్టుకున్న కొలత మనిషికి రోజుకు 55 లీటర్లు. భూగర్భ మురుగు కాలువలున్న పట్టణాలకు లెక్కవేసేది 135 లీటర్లు. మీరు మధ్యస్థంగా 70 లీటర్లు అనుకుంటే 50 మందికి రోజుకు 3,500 లీటర్లు, ఏడాదికి 12 లక్షల 77 వేల లీటర్లు కావాలి.

ఇక పడేది. మన జిల్లాలో ఏడాదికి సగటున 1,100 మిల్లీమీటర్ల పైచిలుకు వాన కురుస్తుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మీ ఒక్కో ఇంటి కప్పు 90 చదరపు మీటర్లు అనుకుంటే 14 కప్పులకూ కలిపి 1,260 చదరపు మీటర్లు. ఆవిరయ్యేది, చిమ్మిపోయేది అయిదో వంతు తీసేసినా కప్పుల మీదనే 11 లక్షల లీటర్లు దొరుకుతాయి. అంటే మీ ఏడాది వాడకానికి కాస్త తక్కువ. మొత్తం 11 ఎకరాల మీద పడేదైతే 4 కోట్ల 90 లక్షల లీటర్లు. దీనిలో చాలా భాగం మీ గట్లు కోసుకుంటూ, ఎర్రమట్టిని వెంటేసుకుని గంటలో దిగువకు దిగిపోతుంది.

కనుక మీకు ఉన్న కొరత నీటి కొరత కాదు, నీరు నిలిచే చోటు కొరత. జూన్ నుంచి నవంబరు దాకా కురిసినదాన్ని మిగతా ఆరు నెలలకు, జాగ్రత్తకు 200 రోజులు అనుకుని, దాచడమే మీ పని. ఆ 200 రోజులకూ వాడకం నీరంతా తొట్లలో దాచడం అయ్యే పని కాదు గానీ, తాగడానికీ వండుకోవడానికీ మనిషికి 7 లీటర్ల చొప్పున చూస్తే 70,000 లీటర్లు చాలు. అంటే ఇంటికి 5,000 లీటర్ల తొట్టి ఒకటి. మిగతా వాడకానికి మీ పాత నేలబావి ఉంది. దాన్ని బాగుచేసుకుని, దాని చుట్టూ వాననీటిని ఇంకనిస్తే బోరు అవసరం ఎంతో అప్పుడు తెలుస్తుంది. బావి అడ్డకొలత 20 అడుగులు కాబట్టి అందులో ఒక్క మీటరు ఎత్తు నీళ్లంటే సుమారు 29,000 లీటర్లు. మీ ఎనిమిది రోజుల వాడకమన్నమాట.

గోస్తని గట్టు (గంట్యాడ)

ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారికి ధన్యవాదాలు. నిజం చెప్పాలంటే మేమెవరం ఈ లెక్క వేయలేదు. అయితే ఇంటికి 5,000 లీటర్ల తొట్టి పెట్టుకుని నవంబరు నీళ్లు మే నెలలో తాగడం అంటే మా వాళ్లలో కొందరు ముఖం చిట్లించారు. అవి పాచిపోవా, పురుగు పట్టదా అంటున్నారు.

ఉద్దానం మాస్టారు (కవిటి)

వెలుతురు తగిలితే పాచి పడుతుంది, దోమ దూరితే పురుగు పడుతుంది. ఈ రెండూ తగలకుండా చూసుకుంటే వాననీరు ఏడాది పొడవునా చెడదు. తొట్టి సిమెంటుదైనా, నల్లటి ప్లాస్టిక్‌దైనా మూత బిగుతుగా ఉండాలి, పొర్లుగొట్టానికీ గాలిగొట్టానికీ సన్నని జల్లెడ కట్టాలి. మా ఇంట్లో కప్పు నుంచి దిగే గొట్టానికి తొట్టి కంటే ముందు ఒక అడ్డగొట్టం పెట్టాను. ఎండాకాలమంతా కప్పు మీద పేరుకున్న దుమ్ము, రెట్ట, కొబ్బరి పీచు కడుక్కుని వచ్చే మొదటి 100, 150 లీటర్లు దానిలోకి పోతాయి. అది నిండాకనే నీరు తొట్టి వైపు తిరుగుతుంది. దాని అడుగున ఉన్న చిన్న మూత తీసి ప్రతి వానకూ మధ్య ఆ మురికిని వదిలేయాలి. ఈ ఒక్క పని చేయనివారి తొట్లే వాసన వేస్తాయి. తొట్టి పక్కన ఇసుక, గులకరాళ్ల వడపోత, తాగేముందు మరిగించడం ఎలాగూ తప్పవు.

శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానం సంగతి మీకందరికీ తెలిసిందే. ఏళ్లుగా ఊరూరా మూత్రపిండాల జబ్బు మనుషుల్ని నంజుకు తింటోంది, దానికి అసలు కారణం నీళ్లేనా, వేరే ఏదైనానా అన్నది ఇప్పటికీ తేలలేదు. వంశధార నీటిని హిరమండలం జలాశయం నుంచి గొట్టాల ద్వారా మా మండలాలకు తెచ్చే పథకం 2023 డిసెంబరులో మొదలైంది. నేను చెప్పదలచుకున్నది ఏమిటంటే, నీరు కంటికి తేటగా కనిపించడాన్ని నమ్మడం మేము ఎప్పుడో మానేశాం. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటరు చూసి 'నీళ్లు బాగున్నాయి' అనేవారు ఎక్కువయ్యారు. ఆ మీటరు నీటిలో కరిగిన లవణాల మొత్తం చెబుతుంది గానీ ఫ్లోరైడు, నైట్రేటు, క్రిములు ఉన్నాయో లేవో చెప్పదు. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 2,000 దాకా ఉండవచ్చు. ఫ్లోరైడు 1 దాటకూడదు, తప్పనప్పుడు 1.5. నైట్రేటు 45. మీ బావినీ, వేయిస్తే బోరునూ వానలకు ముందొకసారి, తర్వాతొకసారి ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. కొండరాతి నెర్రెల్లో లోతుకు వెళ్లిన కొద్దీ ఫ్లోరైడు పెరిగే చోట్లున్నాయి, 600 అడుగులన్నవారు ఈ మాట చెప్పి ఉండరు.

ఒక ముచ్చట. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా కొబ్బరిచెట్లు, కరెంటు స్తంభాలు ఒకేసారి నేలకొరిగాయి. చాలా ఊళ్లలో వారాల తరబడి కరెంటు లేదు. ఆ రోజుల్లో మా వీధి గొంతు తడిపింది మోటార్లు కాదు, స్కూలు వెనుక తుప్పుపట్టిన చేతి బోరింగు, మా ఇంటి నుయ్యి గిలకతాడు. మీరు ఎంత గొప్ప ఏర్పాటు చేసుకున్నా కరెంటు లేకుండా నీళ్లు తోడుకునే దారి ఒకటి ఉంచుకోండి.

నీలిమోటారు (చీపురుపల్లి)

లెక్కలు కాగితం మీద ముచ్చటగా ఉన్నాయి, కాదనను. అయితే ఇంట్లో పెళ్లో పేరంటమో జరిగి 200 మంది దిగితే మనిషికి 7 లీటర్ల లెక్క ఎక్కడికి పోతుంది? కప్పు కడిగేవారెవరు? అడ్డగొట్టం మూత తీసేవారెవరు? మొదటి ఏడాది అందరూ ఉత్సాహంగా చేస్తారు, మూడో ఏడాది పనిమనిషికి అప్పగిస్తారు, అయిదో ఏడాది నాకు ఫోను చేసి బోరు వేయమంటారు. ఇలాంటి ఫోన్లు నాకు వచ్చాయి కనుకే చెబుతున్నాను.

దొడ్డిగుమ్మం (నెల్లిమర్ల)

నీలిమోటారు గారి ప్రశ్న సరైనదే గానీ, అది అడగవలసిన పద్ధతి వేరు. నీటి పొదుపు అని పెద్దమనుషులు ఎక్కడ తీర్మానం చేసినా, దాన్ని అమలు చేయవలసి వచ్చేది వంటింట్లోనూ దొడ్లోనూ ఉండే ఆడవాళ్లే. మీ 14 కుటుంబాల సమావేశంలో ఆడవాళ్లు ఎందరు కూర్చున్నారో గోస్తని గట్టు గారు చెప్పలేదు.

కిందటి వేసవిలో మా ఇంట్లో ఒక వారం పాటు ప్రతి పనికీ బకెట్లు లెక్కపెట్టి గోడ క్యాలెండరు మీద రాశాను. మేము నలుగురం. రోజుకు స్నానాలకు 90 లీటర్లు, మరుగుదొడ్డికి 80, బట్టలకు 60, అంట్లకు 45, వంటకీ తాగడానికీ 25, ఇల్లు కడగడానికి 20, మొత్తం 320. అంటే మనిషికి 80. నేను 50 లోపే ఉంటుందని పందెం కాసి ఓడిపోయాను. తరువాతి వారం అంట్లు కుళాయి కింద కాకుండా రెండు తొట్లలో, ఒకదానిలో తోమి ఒకదానిలో కడిగితే 45 కాస్తా 22 అయింది. అన్నిటికంటే సిగ్గుపడిన సంగతి, స్నానాలగదిలో కారే కుళాయి. రాత్రి తొమ్మిదింటికి దాని కింద చిన్న బకెట్ పెట్టి పొద్దున్న అయిదింటికి చూస్తే ఏడు లీటర్లున్నాయి. చుక్కచుక్కగా రోజుకు 20 లీటర్లు, అంటే మేము రోజూ ఇల్లు కడుక్కునే నీళ్లన్నీ. దానికి కావలసింది ఒక వాషరు మాత్రమే.

స్నానాలు, బట్టలు కలిపి వచ్చే 150 లీటర్లూ దొడ్లో కచ్చా కాలువ ద్వారా అరటిచెట్ల మొదళ్లకూ, మెట్టతామర మడికీ వదులుతాను. కాలువ మొదట్లో గులకరాళ్ల గుంత ఉంది, జుట్టూ నురగా అక్కడ ఆగుతాయి. అంట్ల నీళ్లలో జిడ్డు ఉంటుంది కనుక దాన్ని ఈ కాలువలో కలపను. బియ్యం కడిగిన నీళ్లు కుడితి గోలెంలోకి పోతాయి. కూరగాయలు, ముఖ్యంగా ఆకుకూరలు, సబ్బునీటితో పెంచకండి. మరుగుదొడ్డి గుంతలు మాత్రం బావికి కనీసం 15 మీటర్ల దూరంలో, బావికి దిగువ వైపునే ఉండాలి. ఇళ్ల నక్షా గీసే ముందే బావి ఎక్కడుందో చూసుకోండి.

చోడిచేను (మెంటాడ)

అందరూ ఇంటి నీళ్ల గురించే మాట్లాడుతున్నారు. గోస్తని గట్టు గారు తిండిగింజలు పండించుకుంటామని మొదట్లోనే రాశారు, ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదు. అసలు నీళ్లు పోయేది అక్కడే.

ఎకరం వరికి నాటిన దగ్గర నుంచి కోసేదాకా తేలిగ్గా 1,200 మిల్లీమీటర్ల నీరు పడుతుంది. ఏఈ గారి పద్ధతిలోనే గుణిస్తే 48 లక్షల లీటర్లు. మీ 50 మంది ఏడాది వాడకం 12 లక్షల 77 వేలు. అంటే బోరు నీటితో వేసవిలో ఒక్క ఎకరం వరి పండిస్తే మీ ఊరంతా మూడేళ్లకు పైగా వాడుకునే నీరు ఆ ఒక్క మడిలో పోతుంది. అప్పుడు కుళాయికి వాషరు వేసి ఏం ప్రయోజనం?

మా తాతల కాలంలో గరువు మీద వరి ఎవరూ వేయలేదు. చోళ్లు (రాగులు), గంటెలు (సజ్జలు), కందులు, ఉలవలు, గోగునార, ఇవే. చోళ్లు వాన మీద పండుతాయి, కోశాక మిగిలిన చెమ్మతో ఉలవలు వస్తాయి. మీరు వరి అన్నమే తినాలనుకుంటే వానాకాలంలో, వాన మీద, పల్లపు మడిలో ఎదజల్లి పండించుకోండి, లేదా పల్లపు రైతు దగ్గర కొనుక్కోండి. చోళ్లు ఇచ్చి బియ్యం తీసుకోవడం మాకు కొత్త కాదు. కూరగాయల మళ్లకు గడ్డీ, ఆకులూ కప్పితే రెండు రోజులకొకసారి పెట్టే తడి నాలుగు రోజులకు సరిపోతుంది. ఇది నేను చేసి చూసిన సంగతి.

కొండఊట (సీతంపేట)

మీ భూమి పడమటి అంచు కొండ వారన ఉందన్నారు కనుక ఒక సూచన. మా సవర గిరిజన గూడేలలో చాలావాటికి బోరు బండి ఎక్కే దారి లేదు. కొండ నడుమ ఊట చూసి, దాని చుట్టూ రాతి తొట్టి కట్టి, అక్కడి నుంచి గొట్టం దించుకుంటాం. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు, నీరు తనంతట తాను దిగుతుంది. మీ కొండ వారన చెమ్మగా ఉండి మే నెలలో కూడా పచ్చగా కనిపించే చోటు ఏదైనా ఉంటే వెతకండి.

ఉంటే దాన్ని కొలవడానికి పది లీటర్ల బకెట్, చేతి గడియారం చాలు. మా ఊట దగ్గర సెప్టెంబరులో బకెట్ 40 సెకన్లలో నిండుతుంది, అంటే రోజుకు 21,600 లీటర్లు. అదే ఊట మే నెలలో మూడు నిమిషాలు పడుతుంది, 4,800 లీటర్లు. మేము మే లెక్కనే నమ్ముతాం. సెప్టెంబరు నీళ్లు చూసి గొట్టాలు ఎక్కువ ఇళ్లకు లాగిన గూడెంలో ఏటా ఎండాకాలం తగవులే.

ఊటకు ఎగువన చెట్టు కొట్టినా, తగలబెట్టినా రెండు మూడేళ్లలో బకెట్ నిండే సమయం పెరుగుతుంది. ఆ కొండ మీది కాదు కాబట్టి, దాని మీద ఎవరు ఏం చేస్తున్నారో ఆ కింది గ్రామస్థులతో మాట్లాడుకోవలసిందే.

నిర్వాహకుడు

కొబ్బరికాయతో నీళ్లు చూడడం నిజమా కాదా అన్న విషయంపై వచ్చిన తొమ్మిది వ్యాఖ్యలను వేరే చర్చకు మార్చాను. ఇక్కడ విషయం మీదనే ఉండవలసిందిగా మనవి.

గోస్తని గట్టు (గంట్యాడ)

మీరు రాసినవన్నీ అచ్చు తీసి సమావేశంలో చదివాం. ఈసారి ఆడవాళ్లు కూడా కూర్చున్నారు. దొడ్డిగుమ్మం గారి మాటకు వారే ఎక్కువసేపు నవ్వారు. చోళ్ల గురించి ఇంకా తర్జనభర్జన నడుస్తోంది. తొట్ల విషయం తేలింది, ఇంటి నక్షాలోనే చేరుస్తున్నాం.

కొండ వారన ఊటలాంటిది కనిపించలేదు. అందుచేత పొలానికి నీళ్లు కావాలంటే ఈశాన్యపు గెడ్డకు అడ్డంగా చిన్న కట్ట కట్టి, ఆ నీటిని పక్కనే ఒక ఎకరం విస్తీర్ణంలో తవ్వే చెరువులోకి మళ్లించాలని అనుకుంటున్నాం. చెరువు ఉంటే చూడడానికీ బాగుంటుంది, పిట్టలూ వస్తాయి. ఏఈ గారు ఏమంటారు?

విశ్రాంత ఏఈ (బొబ్బిలి)

రెండు అభ్యంతరాలు చెబుతాను. మొదటిది చిన్నది, రెండోది పెద్దది.

ఎండాకాలంలో మన దగ్గర తెరిచి ఉన్న నీటి నుంచి రోజుకు 6 మిల్లీమీటర్ల మందం ఆవిరైపోతుంది. ఎకరం చెరువు మీద అది 24,000 లీటర్లు. మీ 50 మంది రోజుకు వాడుకునేది 3,500. అంటే మీరు వాడేదానికి ఏడింతలు సూర్యుడు తాగుతాడు. తప్పదంటే చెరువు వెడల్పు తగ్గించి లోతు పెంచండి, పడమటి గాలి తగలకుండా గట్టు మీద చెట్లు పెట్టండి. గరువు నేల కాబట్టి అడుగున బంకమట్టి పరిచి తొక్కించకపోతే నీరు నిలవదు. నిలవకపోయినా నష్టం లేదనుకోండి, ఇంకిన నీరు దిగువ బావులకు వెళ్తుంది.

రెండోది. ఆ గెడ్డ మీ హద్దు దాటి దిగువకు వెళ్తుందని మొదటి రోజే రాశారు. ఎక్కడికి వెళ్తుంది? ఆ దారి పట్టుకుని నడిచి చూశారా? నేను చేసిన ఉద్యోగంలో పాత చెరువుల పటాలు చాలా చూశాను. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో మెట్ట మీద నుంచి దిగే ప్రతి చిన్న గెడ్డా దిగువన ఏదో ఒక బందలోకో (చిన్న కుంట), చెరువులోకో చేరుతుంది. ఒక చెరువు నిండి పొర్లుకట్టు మీదుగా దూకిన నీరు కింది చెరువుకు ఆధారం. ఇలా గొలుసులో ఉన్న చెరువు కింద వంద ఎకరాల ఆయకట్టు ఉండవచ్చు. మీరు పైన కట్ట వేస్తే కింద మదుం (చెరువు తూము) ఎత్తినా నీళ్లు రావు. గెడ్డ మీ పట్టాలో నుంచి పారినంత మాత్రాన ఆ నీరు మీది కాదు, చట్టం ప్రకారమూ కాదు. కట్ట కట్టే ముందు నీటిపారుదల శాఖ అనుమతి కావాలి. అనుమతి కంటే ముందు కింది ఊరి సమ్మతి కావాలని నా అభిప్రాయం.

చోడిచేను (మెంటాడ)

ఏఈ గారు చెప్పింది మా ఊళ్లో జరిగింది. మా చెరువుకు పైన ఎవరో లేఅవుటు వేశారు. వారికి ఎవరి మీదా కోపం లేదు, గెడ్డ కాలువ తమ రోడ్డుకు అడ్డమని గ్రావెల్ పోసి చదును చేశారు, అంతే. ఆ ఏడాది వానలు బాగానే పడ్డాయి. మా చెరువు మాత్రం సగం కూడా నిండలేదు, ఆకుమడి పోసుకుని నాట్ల కోసం ఎదురుచూసిన వాళ్లం అలాగే గట్టు మీద కూర్చుండిపోయాం. కాలువ ఎక్కడ మూసుకుపోయిందో వెతకడానికే మాకు రెండు నెలలు పట్టింది. తిరిగి తవ్వించుకోవడానికి రెండేళ్లు తిరిగాం. అప్పుడు మా నాయన ఆ లేఅవుటు గేటు దగ్గర నిలబడి, లోపల ఫౌంటెన్ ఆడుతుంటే చాలాసేపు చూశారు. ఏమీ అనలేదు.

మీరు మంచి ఉద్దేశంతో వస్తున్నారు, అందుకే మొహమాటం లేకుండా రాశాను.

గోస్తని గట్టు (గంట్యాడ)

ఆదివారం నలుగురం గెడ్డ వెంబడి నడిచాం. కిలోమీటరున్నర దూరంలో ఒక బందలోకి, అక్కడి నుంచి ఊరి చెరువులోకి చేరుతోంది. చెరువు గట్టు మీద కూర్చున్న పెద్దాయన మమ్మల్ని చూసి, మీరేనా పైన భూమి కొన్నది అని అడిగారు. మా కంటే ముందే మా సంగతి వారికి తెలుసు. కట్ట ఆలోచన మానుకున్నాం. ఇప్పుడు ఏం చేయమంటారు?

విశ్రాంత ఏఈ (బొబ్బిలి)

మీ భూమి మీద పడిన వానను గెడ్డలో కలిసేలోపు నెమ్మదించండి, గెడ్డను మాత్రం దాని దారిన పోనివ్వండి. వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో, పడమటి అంచు నుంచి మొదలుపెట్టి కందకాలు తవ్వించండి. రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు చాలు. తీసిన మట్టి దిగువ వైపు గట్టుగా వేసి దాని మీద వట్టివేరు నాటండి. మట్టం కొలవడానికి యంత్రాలేమీ అక్కర్లేదు, నీళ్లు నింపిన పారదర్శక గొట్టం, రెండు కర్రలు ఉంటే మేస్త్రీ చూసుకుంటాడు. ఎప్పుడూ పైనుంచి కిందికి పని చేయాలి. కింద మొదలుపెడితే మొదటి పెద్దవానకే పై నీరంతా వచ్చి తెంపుకుపోతుంది. గట్టి వానకు కందకం నిండితే అదనపు నీరు దిగడానికి రాళ్లు పరిచిన దారి వదలండి.

బావికి పూడిక తీయించండి. దానికి పది మీటర్ల ఎగువన ఇంకుడు గుంత తవ్వి, కింద పెద్దరాళ్లు, పైన కంకర, ఆపైన ఇసుక వేయండి. పొలం నీటిని, అది కూడా తేరుకున్నాకనే, అందులోకి వదలండి. నేరుగా బావిలోకి వదలకండి.

నీలిమోటారు (చీపురుపల్లి)

ఈ మాటకు నేనూ ఒప్పుకుంటాను. పాతబావి బాగుపడితే రెండు బోర్ల మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్కటి మాత్రం తరువాత, అవసరమని తేలితే, వేయించుకోండి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం దానికి అనుమతి తీసుకోవాలి, ఊరి తాగునీటి బావికో బోరుకో 250 మీటర్ల లోపు వేయకూడదు. బండి వాడు 'అవన్నీ నేను చూసుకుంటాను' అంటాడు, కాగితం మీ చేతికి వచ్చేదాకా నమ్మకండి. పాతబావికి ఒక హార్స్‌పవర్ మోటారు చాలు, దానికి రోజుకింతసేపు అని సమయం కట్టండి.

గోస్తని గట్టు (గంట్యాడ)

నాలుగు నెలల తర్వాత మళ్లీ రాస్తున్నాను. విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవం వెళ్లిన వారం ఇది, కాబట్టి ఇంకొక తుపాను వాన రావచ్చు, రాకపోవచ్చు.

జూన్ వానలు గట్టిపడేలోపు పై రెండెకరాల్లో మాత్రమే కందకాలు పూర్తి చేయగలిగాం. బావి పూడిక తీస్తే ఆరడుగుల బురద, రెండు ఇత్తడి చెంబులు, ఒక పాత గిలక వచ్చాయి. గిలకను శుభ్రం చేసి అదే బిగించాం. ఉద్దానం మాస్టారి తిత్లీ ముచ్చట గుర్తుంది. ముళ్లు వేసిన తాడుతో ప్రతి శనివారం నీటిమట్టం కొలిచి గోడ మీద సున్నంతో రాస్తున్నాం. ఈ వారం నేల నుంచి తొమ్మిది అడుగుల్లో నీరుంది. రోజుకు 3,500 లీటర్లు తోడి చూశాం, సాయంత్రానికి సుమారు అయిదంగుళాలు దిగుతోంది, పొద్దున్నకి తిరిగి వస్తోంది. ఇది అక్టోబరు లెక్క అని కొండఊట గారు అనకముందే నేనే రాస్తున్నాను, ఏప్రిల్‌లో మళ్లీ తోడి చూశాకే బోరు సంగతి మాట్లాడుకుంటాం. నీటి పరీక్షలో ఫ్లోరైడు, నైట్రేటు హద్దుల్లోనే ఉన్నాయి. పూడిక తీసిన కొత్త కదా, క్రిములు కనిపించాయి. బ్లీచింగు వేసి మళ్లీ నమూనా పంపాం.

ఎకరంన్నర చోళ్లు వేశాం, మూడు కుటుంబాలు మాత్రం అలిగి ఉన్నాయి.

ఒక ఇబ్బంది. ఇప్పటికి కట్టిన అయిదు ఇళ్లలో నాలుగింటి తొట్లు బాగున్నాయి. అయిదో ఇంటి నీళ్లు నురగగా, కాస్త వగరు వాసనతో ఉన్నాయి. అడ్డగొట్టం మూత ప్రతిసారీ తీస్తున్నామని వారంటున్నారు. కప్పు మీద చింతచెట్టు కొమ్మ వంగి ఉంది. చెట్టు కొట్టడానికి ఎవరికీ మనసు రావడం లేదు.

ఉద్దానం మాస్టారు (కవిటి)

చెట్టు కొట్టకండి. కప్పు మీదికి వచ్చిన కొమ్మ మట్టుకు కోయించి, ఆ తొట్టి మొత్తం ఖాళీ చేసి లోపల తోమించండి. వదిలే నీళ్లు చింతచెట్టు మొదట్లోనే పోయండి. గొట్టం మొదట్లో ఆకు ఆగే జల్లెడ ఉందా? లేకపోతే చింతాకు సన్నగా ఉంటుంది కదా, మామూలు జాలీ దాన్ని ఆపదు, దోమతెర రెండు మడతలు వేసి కట్టి చూడండి. తుపాను వాన వస్తే ఆ నీటితోనే మళ్లీ నిండుతుంది.

గోస్తని గట్టు (గంట్యాడ)

జల్లెడ లేదు మాస్టారూ. రేపే కట్టిస్తాను.